తూకానికి అందని తెలివి

మెదడు ఎలా నేర్చుకుంటుందో శాస్త్రం విప్పి చెబుతున్న కొద్దీ, ఆర్మూర్ పసుపు సీమలో బడికీ బజారుకూ మధ్య ఉన్న దూరం స్పష్టంగా కనిపిస్తోంది.

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో వానాకాలం మొదట్లో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వకానికి వచ్చి, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం అనే దశలన్నీ దాటి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరేసరికి, దాని విలువ తేల్చే పని మనిషి కంటికీ చేతివేళ్లకూ మిగులుతుంది. 2016 ఏప్రిల్‌లో దేశంలో ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన 21 మార్కెట్లలో నిజామాబాద్ కూడా ఉంది కనుక ధర వేయడం కంప్యూటర్ మీదికి ఎక్కింది గానీ, సరుకు చూడటం మాత్రం పాత పద్ధతిలోనే సాగుతోంది. ఖరీదుదారు కుప్పలోంచి ఒక కొమ్మును తీసి పుటుక్కున విరిచి, విరిగిన చప్పుడును బట్టి ఎండిన తీరును, లోపలి రంగును బట్టి నాణ్యతను, అరచేతిలో ఆనే బరువును బట్టి గట్టిదనాన్ని పట్టి, కొమ్ముకు ఎంత, మండకు (తల్లి దుంపకు) ఎంత వేయాలో క్షణాల్లో తేల్చుకుంటాడు. కుప్ప పక్కన నిలబడిన రైతు, కాంటా దగ్గరి దడువాయి, బస్తా మోసే హమాలీ కూడా ఎవరి లెక్క వారు మనసులోనే వేసుకుంటారు.

వీరిలో బడి ముఖం చూడనివారూ, నాలుగైదు తరగతులతో ఆపేసినవారూ ఉంటారు. వీరి నేర్పును తెలివి అనాలా, వట్టి అలవాటు అనాలా అని అడిగితే లోకం సాధారణంగా రెండో మాటకే మొగ్గుతుంది. మెదడు శాస్త్రం మాత్రం ఆ రెండింటి మధ్య అంత పెద్ద గోడ లేదని, మనం తెలివి అని పిలిచేదానిలో చాలా భాగం మళ్లీమళ్లీ వాడటం వల్ల మెదడులో గట్టిపడిన దారులేనని, అయితే ఒక పనిలో గట్టిపడిన దారి మరో పనికి దానంతటదే ఉపయోగపడదని చెబుతోంది. పిల్లల చదువు విషయంలో ఇందులోని రెండో సగమే అత్యంత ముఖ్యమైనది.

కణాల మధ్య జరిగేది

మనిషి మెదడు శరీర బరువులో దాదాపు 2 శాతమే ఉన్నా, విశ్రాంతి వేళ శరీరం ఖర్చు చేసే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో వెలువరించిన లెక్క ప్రకారం అందులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే సంకేతాలను మోసే నాడీకణాలు ఉన్నాయి. ఒక న్యూరాన్ మరో న్యూరాన్‌కు సంకేతం అందించే అతి సన్నని సందును సినాప్స్ అంటారు. రెండు కణాలు పదేపదే కలిసి పనిచేస్తే వాటి మధ్య బంధం బలపడుతుందని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించగా, టిమ్ బ్లిస్, టెర్యే లోమో 1973లో కుందేళ్ల మెదడుపై చేసిన ప్రయోగంలో అలాంటి బలోపేతం గంటల తరబడి నిలిచి ఉండటం కనిపించింది. నేర్చుకోవడం అనే మాటకు కణస్థాయిలో ఉన్న అర్థాలలో ప్రధానమైనది ఇదే.

ఈ మార్పు కొన్నిసార్లు స్కానింగ్‌లో కంటికి కనిపించేంతగా ఉంటుంది. లండన్ నగర వీధులన్నీ కంఠతా పట్టి పరీక్ష నెగ్గిన టాక్సీ డ్రైవర్ల మెదళ్లను ఎలినార్ మగ్వైర్ బృందం పరిశీలించినప్పుడు, దారులనూ సంఘటనలనూ గుర్తుంచుకోవడంలో కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం వెనుక వైపున ఇతరులలో కన్నా పెద్దదిగా ఉన్నట్టు 2000లో తేలింది. వారు పుట్టుకతోనే అలా ఉన్నారేమో అన్న సందేహం తీర్చడానికి అదే బృందం శిక్షణకు ముందూ తర్వాతా అభ్యర్థులను స్కాన్ చేసి చూడగా, పరీక్ష నెగ్గినవారిలోనే ఆ పెరుగుదల కనిపించిందని 2011లో వెల్లడైంది. మెదడు ముందే పోతపోసిన వస్తువు కాదనడానికి ఇంతకన్నా సూటైన సాక్ష్యం అరుదు.

చేతి జ్ఞాపకం, మాట జ్ఞాపకం

నేర్చుకోవడంలో మెదడుకు ఒకటే దారి లేదన్న సంగతి 1953లో అమెరికాలో జరిగిన ఒక శస్త్రచికిత్సతో బయటపడింది. మూర్ఛ వ్యాధి తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్ద భాగాన్ని తొలగించడంతో, అతడు కొత్త సంఘటన దేన్నీ గుర్తుంచుకోలేని స్థితికి చేరాడు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రపు గీత మీద పెన్సిల్ నడిపే కష్టమైన పనిలో రోజురోజుకూ మెరుగుపడ్డాడని, ఆ పని అంతకుముందు చేసినట్టు మాత్రం అతడికి గుర్తులేదని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ గమనించారు. చెప్పగలిగే జ్ఞాపకం వేరని, చేతికి పట్టుబడిన జ్ఞాపకం వేరని, రెండోదానికి మెదడు అడుగుభాగంలోని బేసల్ గాంగ్లియా వంటి కేంద్రాలూ చిన్నమెదడూ ఆధారమని ఆ తర్వాతి పరిశోధనలు స్థిరపరిచాయి.

నిజామాబాద్ జిల్లాలో ఇంటి అరుగు మీద చాట పెట్టుకుని బీడీలు చుట్టే మహిళల పని ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ. తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టే వరుస అంతా కళ్లు పెట్టి చూడకుండానే జరిగిపోతుంటే, పలకడానికీ పలికించడానికీ వారి ధ్యాస ఖాళీగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే మనిషి ఇదే పనికి తన ధ్యాస మొత్తం ఖర్చుపెట్టాలి. పునాది పనులు చేతికి వచ్చిన తర్వాతే ఆలోచనకు చోటు దొరుకుతుందన్న ఈ సూత్రం ఎక్కాలకూ, అక్షరాలకూ అంతే వర్తిస్తుంది.

మాట జ్ఞాపకానికి తెలుగువారి సొంత సాక్ష్యం అవధానం. మనిషి ఒకే క్షణంలో మనసులో పట్టి ఉంచగల విడి అంశాలు నాలుగుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటాయని మనోవిజ్ఞానం చెబుతుండగా, అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు బదులిస్తూ, పాదం తర్వాత పాదంగా పద్యాలు చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగాన్ని ఎదుర్కొంటూ, చివరకు ధారణలో అన్నింటినీ అప్పజెబుతాడు. గణాలు, యతి, ప్రాస అన్న కట్టుబాట్లు విడి అక్షరాలను పెద్ద ముక్కలుగా కట్టి ఉంచడం వల్ల, వేల పద్యాల పరిచయం ఆ ముక్కలను గుర్తుపట్టేలా చేయడం వల్ల ఇది సాధ్యమవుతుంది. జేమ్స్ హార్ట్‌జెల్ బృందం యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితులను స్కాన్ చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన పలు ప్రాంతాలలో ఇతరులతో పోల్చితే నిర్మాణ భేదాలు కనిపించాయి.

బజారు లెక్క, బడి లెక్క

క్వింటాలు 12,400 రూపాయల చొప్పున మూడు క్వింటాళ్ల ఇరవై ఐదు కిలోలకు ఎంత అవుతుందని అడిగితే, మార్కెట్లో తిరిగే మనిషి మూడు పన్నెండ్లు ముప్పై ఆరు వేలు, మూడు నాలుగొందలు పన్నెండొందలు, పావు క్వింటాలుకు మూడువేల వంద అని ముక్కలు చేసి కలిపి 40,300 అని నోటితోనే తేలుస్తాడు. ఇదే లెక్కను 12,400 ఇంటూ 3.25 అని పలక మీద రాసి ఇస్తే, దశాంశ బిందువు దగ్గరే అతడు ఆగిపోవచ్చు. నోటి లెక్క తప్పకుండా చేసే మనిషి కాగితం ముందు ఎందుకు తడబడతాడన్నది మెదడు శాస్త్రంలోనూ విద్యాశాస్త్రంలోనూ పెద్ద ప్రశ్న.

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను టెరెజిన్హా నూనెస్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి పరీక్షించి 1985లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అమ్మకం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతానికి పైగా సరిగ్గా చేసిన ఆ పిల్లలు, అవే అంకెలను బడి పద్ధతిలో విడి కూడికలుగా, గుణింపులుగా ఇస్తే 37 శాతం మాత్రమే చేయగలిగారు. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, శిశు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో చేసి 2025లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని మరింత బలపరిచింది. మార్కెట్ పిల్లలు చిక్కు లావాదేవీలను నోటితో తేల్చి బడి లెక్కల్లో వెనకబడితే, మార్కెట్ అనుభవం లేని బడి పిల్లలు పుస్తకపు లెక్కల్లో ముందుండి, బేరపు లెక్కల్లో తడబడ్డారు. నష్టం ఏకపక్షం కాదన్నదే ఆ అధ్యయనంలోని అసలు సారం.

కారణం నేర్పు పుట్టే తీరులో ఉంది. లెక్క కొత్తగా నేర్చుకునేటప్పుడు నుదుటి వెనుక ఉండే ముందరి భాగాలు ఎక్కువ శ్రమపడతాయి. అభ్యాసం పెరిగే కొద్దీ ఆ భారం తల పక్కపై భాగాన ఉండే పెరైటల్ ప్రాంతాలకు మళ్లుతుందని స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. అలా గట్టిపడే దారి తాను ఏ సందర్భంలో, ఏ గుర్తులతో, ఏ భాషలో ఏర్పడిందో ఆ సందర్భానికే అంటిపెట్టుకుని ఉంటుంది. పక్క దారితో దాన్ని కలపాలంటే ఎవరో ఒకరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఆ పని బడిలో జరగకపోతే, సంతలో చురుకైన పిల్లవాడు తరగతిలో మొద్దుగా ముద్రపడతాడు.

అక్షరం వచ్చాక మెదడు

మాట వేల తరాలుగా మనిషితో ఉన్నా, రాత వచ్చి ఐదువేల ఏళ్లకు మించలేదు కనుక, చదవడం కోసమే పుట్టుకతో వచ్చిన భాగమేదీ మెదడులో లేదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తించే దృశ్య ప్రాంతంలో కొంత చోటును అక్షరాలు ఆక్రమించుకుంటాయని ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహానె వివరించారు. ఈ మార్పు పెద్ద వయసులోనూ జరుగుతుందని చూపిన ప్రయోగం మన దేశంలోనే జరిగింది. లక్నో సమీప గ్రామాలలోని నిరక్షరాస్యులైన వయోజనులకు ఆరు నెలల పాటు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా స్కాన్ చేయగా, మెదడు పైపొరలోనే గాక, చూపును నడిపించే లోతైన థాలమస్, మెదడు కాండం భాగాల పనితీరులో కూడా మార్పు కనిపించిందని 2017లో ఫాల్క్ హ్యూటిగ్ బృందం ప్రచురించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ కుమార్ మిశ్రా ఆ బృందంలో ఒకరు.

తెలుగు పిల్లలకు ఇందులో ప్రత్యేకమైన పని ఒకటి ఉంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు అవుతాయి కనుక, ఇంగ్లిష్ అక్షరాలు 26 వచ్చినంత త్వరగా తెలుగు అక్షరమాల మొత్తం చేతికి రాదు. దగ్గరి లిపి అయిన కన్నడంపై పరిశోధకురాలు సోనాలి నాగ్ చేసిన అధ్యయనాలు, పిల్లలు అక్షరాలపై పట్టు సాధించడం ప్రాథమిక తరగతుల పొడవునా సాగుతుందని తేల్చాయి. రూపం వచ్చిన తర్వాత మాత్రం పలుకుకూ రాతకూ తేడా తక్కువ కనుక చదువు సాఫీగా సాగుతుంది. రెండో తరగతిలో ఒత్తుల దగ్గర తడబడే పిల్లను వెనకబడిందని నిర్ణయించడం తొందరపాటే.

నాలుగు భాషల సీమ

44, 63 జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్‌లో ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, లారీ వాళ్లతో హిందీ మాట్లాడటం వింతేమీ కాదు. సరుకు మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకుపోయే రైతుకు మరాఠీ, గల్ఫ్ వెళ్లొచ్చిన కార్మికుడికి కొంత అరబ్బీ అలవడతాయి. ఈ బహుభాషా జీవితానికి మెదడుపై ప్రభావం ఉందా అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి ప్రపంచానికి ఒక ముఖ్యమైన సాక్ష్యం అందించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తుల వివరాలు పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే భాష తెలిసినవారికన్నా రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది.

పాశ్చాత్య దేశాల్లో బహుభాషులు ఎక్కువగా వలసవచ్చినవారో, బాగా చదువుకున్నవారో కావడం వల్ల లాభం భాషదా, చదువుదా అన్నది తేలేది కాదు. హైదరాబాద్ అధ్యయనంలో బడికి పోని బహుభాషులలోనూ ఆ ఆలస్యం కనిపించడం ఆ చిక్కును విప్పింది. ఒక భాషను ఎంచుకుని మిగతావాటిని ఆపే పని రోజంతా సాగడం వల్ల మెదడులోని నియంత్రణ వ్యవస్థకు నిత్య వ్యాయామం దొరుకుతుందన్నది దీనికి చెప్పే ముఖ్య వివరణ. ఇతర దేశాల్లో కొన్ని అధ్యయనాలకు ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు కనుక చర్చ ఇంకా సాగుతూనే ఉంది. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లను తెలుగు రాలేదని, తెలుగు పిల్లను ఇంగ్లిష్ రాలేదని చిన్నచూపు చూసే తరగతి గదికి మాత్రం ఇది గుర్తుచేయదగ్గ ఫలితం.

కొలతల కథ

తెలివిని అంకెగా కొలిచే పద్ధతికి ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినె, 1905లో ప్యారిస్‌లో తన పరీక్షను రూపొందించింది సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికే. తెలివి పెరగని స్థిర పరిమాణమన్న అభిప్రాయాన్ని ఆయన గట్టిగా ఖండించారు. తర్వాతివారు అదే పరీక్షను ర్యాంకుల నిచ్చెనగా మార్చారు. వేరువేరు పరీక్షల మార్కుల మధ్య ఒక సామాన్య అంశం కనిపిస్తుందని చార్లెస్ స్పియర్‌మన్ 1904లో చెప్పిన మాట నేటికీ నిలిచే ఉన్నా, ఆ అంశానికి మెదడులో ఒకే చోటు లేదు. ముందరి, పెరైటల్ ప్రాంతాల మధ్య సమాచారం ఎంత సాఫీగా నడుస్తుందన్నదానితో దానికి సంబంధం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. మెదడు పరిమాణానికీ పరీక్ష మార్కులకూ ఉన్న సంబంధం బలహీనమే. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ 2019లో వంద మంది స్కాన్లతో రూపొందించిన భారతీయ మెదడు పటంలో సగటు భారతీయ మెదడు పాశ్చాత్య, చైనా మెదళ్లకన్నా కొంచెం చిన్నదని తేలినప్పుడు కొందరు కలవరపడ్డారు గానీ, ఆ పటం వైద్యులకు వ్యాధి గుర్తించడంలో కొలబద్దగా ఉపయోగపడేదే తప్ప తెలివికి కొలత కాదు.

పసుపూ, సీసమూ

పసుపు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రచారానికి ఆధారం పలుచనిది. పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. 2018లో అమెరికాలో కొంత మేలు చూపిన ప్రయోగంలో వాడింది శరీరం తేలిగ్గా గ్రహించేలా తయారుచేసిన ప్రత్యేక రూపం, పాల్గొన్నవారు 40 మంది. మెదడు విషయంలో పసుపుతో ఉన్న అసలు ఆందోళన వేరే ఉంది. మెరుపు కోసం కొన్ని చోట్ల పాలిష్ దశలో కలిపే లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగులో సీసం ఉంటుంది. సీసం శరీరంలో కాల్షియం స్థానంలో దూరి, సినాప్స్ బలపడటానికి అవసరమైన గ్రాహకాలను అడ్డుకుంటుంది. అంటే నేర్చుకునే యంత్రాంగానికే దెబ్బ తగులుతుంది. 1,333 మంది పిల్లల వివరాలతో 2005లో బ్రూస్ లాన్‌ఫియర్ బృందం చేసిన విశ్లేషణలో, రక్తంలో సీసం డెసిలీటరుకు 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగితే ఐక్యూ దాదాపు 4 పాయింట్లు తగ్గినట్టు తేలింది.

భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకలలోని 23 నగరాల నుంచి సేకరించిన 356 నమూనాలపై 2024లో వెలువడిన అధ్యయనంలో సుమారు 14 శాతం నమూనాలలో అనుమానించదగ్గ స్థాయిలో సీసం కనిపించగా, పాట్నా నమూనాలలో అది అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. బంగ్లాదేశ్ 2019లో తనిఖీలు, జరిమానాలు, ప్రచారం కలిపి నడిపి రెండేళ్లలో ఈ కల్తీని దాదాపు తుడిచిపెట్టింది. 2025 జనవరి 14న ప్రారంభమై నిజామాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ పసుపు బోర్డుకు ఇది ముందున్న మంచి అవకాశం. సహజ రంగు గల సరుకును పరీక్షించి ముద్ర వేస్తే నిజాయితీగల రైతుకు ధరా, పిల్లల మెదడుకు రక్షణా రెండూ దక్కుతాయి.

బడి చేయాల్సింది

తరగతి గదికి ఈ శాస్త్రం ఇచ్చే సలహాలు ఖరీదైనవి కావు. చదివిందే మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడం మేలని మనోవిజ్ఞాన పరిశోధకులు రోడిగర్, కార్పికి 2006లో చూపారు. వారం తర్వాత పరీక్షిస్తే, గుర్తుతెచ్చుకున్నవారికి 56 శాతం, మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంది. ఒకే రోజు నాలుగు గంటలు బట్టీ పట్టడం కన్నా నాలుగు రోజులు గంట చొప్పున చదివితే ఎక్కువ నిలుస్తుంది. పగలు నేర్చినదాన్ని మెదడు నిద్రలో తిరిగి నెమరువేస్తుంది కనుక, పరీక్ష ముందు రాత్రి మేల్కొనడం చేతులారా చేసుకునే నష్టం. ఎడమ మెదడు పిల్లలు, కుడి మెదడు పిల్లలు అన్న విభజనకూ, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ కోర్సులకూ శాస్త్రాధారం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని రెండు లెక్కలనూ కలపడం. పసుపు అమ్మిన రైతుకు చేతికొచ్చే తక్‌పట్టీ అనే లెక్కల చీటీలో తూకం, ధర, హమాలీ, దడువాయి ఖర్చులు, చివరికి మిగిలిన సొమ్ము అన్నీ ఉంటాయి. గుణకారం, శాతం, దశాంశం, తీసివేత నేర్పడానికి ఆర్మూర్ ప్రాంతపు ఉపాధ్యాయుడికి అంతకన్నా మంచి పాఠం దొరకదు. ఇంట్లో తండ్రి నోటితో వేసే లెక్కనూ, బోర్డు మీది పద్ధతినీ పక్కపక్కన రాయించి, రెండూ ఒకటే ఎలా అయ్యాయో పిల్లలతోనే చెప్పించాలి. తల్లిదండ్రులు కూడా పిల్లల మార్కుల కాగితం చూసి తెలివిని తేల్చే ముందు, వారు ఇంటా బజారులో ఏమేం చేయగలుగుతున్నారో గమనించాలి. పిల్లలకు వచ్చినదాని నుంచి రానిదానికి దారి వేయడమే బోధన. ఆ దారి వేయకుండా పిల్లలను తెలివిలేనివారని ముద్రవేసే హక్కు బడికీ లేదు, ఇంటికీ లేదు.